దుర్గయ్య చుట్టిన సెల్ఫు

3-2-97, సోమవారం, చిక్కడపల్లి

జగ్గూ, నీ దగ్గు తగ్గిందా? తగ్గలేదు, పొద్దుటి నుంచి నాలుగుసార్లు విన్నాను. సంయుక్తా, నీ నడుము ఎలా ఉంది? అడిగితే "బాగనే ఉన్నది అత్తమ్మా" అంటుంది, బిందె ఎత్తేటప్పుడు మాత్రం గోడ పట్టుకుంటుంది. రచనా, నీ పన్ను ఊడిందా? నిన్న ఊడింది, ఇంకోటి కదులుతోంది. దుర్గయ్యా, నీ కళ్ళు? ఎడమ కంటిలో పొర కమ్ముతోందని నీ భార్య విద్యావతి చెప్పింది. విద్యావతీ, నీ మోకాళ్ళు? ఇక నేను. నాకేం. గుండెదడ ఒక్కటే.

రాయడమంటే నాకు ఉత్తరమే తెలుసు. మూడో తరగతితో బడి అయిపోయింది. ఉత్తరానికి ముందు అందరి క్షేమం అడగాలి కనుక అడిగాను. ఈ డైరీ కోడలు పనిచేసే మందుల షాపులో ఇచ్చారట, పోయినేటిది, తేదీలు కొట్టేసి రాసుకోవాలి. దడ వచ్చినప్పుడల్లా మనసులోది కాగితం మీద పెట్టమంది డాక్టరమ్మ. ఎవరికీ చూపించక్కర్లేదంది. చూపించను. బియ్యం డబ్బా వెనక పెడతాను.

ఈ రోజు దడ లాంచీ గురించి. జగ్గు నడిపే లాంచీ పొద్దున లేవలేదు. హుసేన్ సాగర్‌లో జనాన్ని బుద్ధుడి విగ్రహం దాకా తీసుకుపోయి తెచ్చే లాంచీ అది. ఇంజన్ దాని కడుపులో ఉంటుందట, చెక్కలు తీసి బోర్లా పడుకుని చూడాలట.

"సెల్ఫు పోయిందే అమ్మా," అన్నాడు.

"అంటే ఏందిరా?"

"ఇంజన్‌ను లేపే చిన్న మోటారు. బటన్ నొక్కితె ముందు గది తిరుగుతది, ఇంజన్‌ను తిప్పుతది. ఇంజన్ అందుకోంగనె ఇది ఎనక్కొస్తది. గంతే దాని పని."

"బడికి పోయే పిల్లల్ని లేపే తల్లి లెక్క."

"గట్లనే అనుకో. నువ్వు మాత్రం పరేషాన్ గాకు."

నాకేం కంగారు లేదు. ఏడేళ్ళ కింద ఆ విగ్రహం తెప్పతో సహా మునిగి మనుషులు పోయిన రోజు నేను అన్నం ముట్టలేదు. ఆ తర్వాత రెండేళ్ళకు నా కొడుకు ఆ నీళ్ళ మీదే ఉద్యోగం చూసుకున్నాడు. వాడికి ఈత రాదు.

6-2-97

పాత సెల్ఫు విప్పి, గోనెసంచిలో చుట్టి తెచ్చాడు. పుట్టిన పిల్లంత బరువుంది. లాంచీ అడుగున నిలిచే నీళ్ళు దానికి తగిలి తగిలి, తుప్పు పట్టి పైగూడు పగిలిందట. నారాయణగూడకు దుర్గయ్య దగ్గరికి తీసుకుపోయాడు. ఇక నాకు నిశ్చింత.

దుర్గయ్య దగ్గరికి పోయిన వస్తువు బాగుపడకుండా రాదు. జగ్గుకు పదహారేళ్ళప్పుడు మా ఆయన పోయారు. పదకొండో రోజు దుర్గయ్య వచ్చి గడపలో నిలబడి, "వదినా, పిల్లగాన్ని నాకియ్యి, పని నేర్పిస్త," అన్నాడు. అప్పటి నుంచి మోటార్లకు తీగ చుట్టే ఆ మల్గీయే, ఆ చిన్న దుకాణమే వాడికి కాలేజీ. పెళ్ళయి, బిడ్డ పుట్టి, జుట్టు నెరిసినా ఇప్పటికీ దుర్గయ్యను ఉస్తాద్ అనే పిలుస్తాడు. ఆయన కూర్చోమనకుండా కూర్చోడు.

"ఇది పనికిరాదు బిడ్డా, ఇదే సైజుది నా దగ్గర ఇంకోటున్నది, లోపలంత కొత్తగ చుట్టి ఇస్త," అన్నాడట దుర్గయ్య.

మనవరాలు రచనకు రెండో పన్ను కూడా ఊడింది. ఇంటి మీద పడేశాం.

8-2-97, శనివారం

శనివారం! నేను చూస్తూనే ఉన్నాను, స్కూటర్ ముందర సంచి, సంచిలో సెల్ఫు.

"శనివారం పూట ఇనుము ఇంట్లకు తెస్తవారా?" అన్నాను.

"అమ్మా, ఇందుల సగం రాగే ఉన్నది."

"మరి కడమ సగం?"

"కడమ సగం బయట పెడ్త తియ్యి," అని నవ్వుతూ వాకిట్లో బట్టలుతికే రాయి మీద పెట్టాడు.

కోడలు కూడా నవ్వింది. నవ్వనీ. శనివారం ఇనుము తెచ్చిన ఇళ్ళు ఏమయ్యాయో నాకు తెలుసు, పేర్లు రాయను. పైగా ఏదో తోకచుక్క వస్తోందని పేపర్లో వేశారు. రేపు ఆదివారం వాడికి సెలవు పెట్టించాడు మేనేజర్ ఫణీంద్ర, లాంచీయే లేవనప్పుడు పని ఏముంది. సోమవారం తీసుకుపోయి బిగిస్తాడట.

9-2-97

వాడు క్షవరానికి పోయాడు. కోడలు పిల్లను తీసుకుని విద్యానగర్‌లో వాళ్ళమ్మ దగ్గరికి పోయింది.

సెల్ఫుకు కాస్త బొట్టు పెట్టాను. పసుపు, కుంకుమ. అంతే. బండి కొంటే బొట్టు పెట్టమా? మిషను కొంటే పెట్టమా? లాంచీకి నిమ్మకాయలు కట్టారట గాని, ఇంజన్‌ను లేపేది ఇది కదా, దీనికి ఎవరూ ఏమీ చెయ్యలేదు. కొబ్బరికాయ కూడా కొట్టాను. పువ్వు చక్కగా వచ్చింది. చాలా మంచిది. వాళ్ళు వచ్చేసరికి తుడిచేసి, ఎండలో పెట్టి, మళ్ళీ గోనె కప్పాను. వాడికి చెప్పలేదు, ఎందుకంటే నవ్వుతాడు.

మనసు తేలిగ్గా ఉంది. ఈ పూట దడ రాలేదు.

10-2-97, సోమవారం

లేచింది! నొక్కగానే లేచిందట!

సాయంత్రం వాడు చెబుతుంటే రొట్టెలు మాడిపోయాయి. ముందు బ్యాటరీ తీగ పీకేస్తారట, లేకపోతే నిప్పురవ్వలు వస్తాయట (అమ్మో). బోర్లా పడుకుని ఇంజన్ పక్కన చెయ్యి పెట్టాలి. మూడు బోల్టులు. రెండు కనిపిస్తాయి, మూడోది వెనక ఉంటుంది, దానికి చూపు పనికిరాదు, వేళ్ళతో వెతుక్కుని వేళ్ళతోనే తిప్పాలి. మూడోదానికే గంటన్నర పట్టిందట. మోచెయ్యి గీసుకుపోయింది. పసుపు అద్దాను.

"ఉస్తాద్ చుట్టిండంటె చుట్టిండే అమ్మా. ఫణీంద్ర సార్ గూడ 'ఇంత పాతదానికి ఇంత జోరేంది' అన్నడు."

ఉస్తాద్ ఒక్కడేనా అనుకున్నాను. పైకి అనలేదు.

12-2-97

నాకేం కంగారు లేదు. రోజూ నడుస్తోంది.

16-2-97, ఆదివారం

నడిసముద్రంలో ఆగిపోయింది. సముద్రం కాదు, సాగరే, అయినా నీళ్ళు నీళ్ళే.

పూర్తిగా నడుమ కాదు. విగ్రహం దగ్గర జనాన్ని దించి, చూసి రమ్మని ఇంజన్ ఆపాడట. వాళ్ళు తిరిగి ఎక్కాక బటన్ నొక్కితే టక్కుమని ఒక్క చప్పుడు. మళ్ళీ నొక్కితే మళ్ళీ టక్కు. తిరగలేదు. నలభై మంది. చంటిపిల్లలు. ఎండ. రెండో బోటు వచ్చి, తాడు కట్టి లాక్కొచ్చేసరికి రెండు గంటలు. ఒకామెకు షుగరట, తినడానికి ఏమీ లేక మెట్ల మీద పడుకుందట. మా జగ్గు తన టిఫిన్ డబ్బా ఆమెకు ఇచ్చాడు.

ఒడ్డుకు రాగానే ఫణీంద్ర అందరి ముందూ వాణ్ణి, "నీ ఉస్తాద్‌ను నమ్ముకుంటే నాకు బోటు ఉండదు, నీకు నౌకరీ ఉండదు. ఇంకొక్కసారి ఇట్లయితే మళ్ళా రాకు," అన్నాడట.

వాడు అన్నం తినలేదు. ఆ షుగరామె ఎలా ఉందో. ఇంటికి చేరిందో లేదో. పేరు కూడా తెలియదు.

17-2-97

సెల్ఫును ఇంజన్ నుంచి ఊడదీసి, నారాయణగూడ పోయి దుర్గయ్య బల్ల మీద పడేసి వచ్చాడు. కోడలికి చెబుతుంటే నేను పప్పు రుబ్బుతూ విన్నాను.

"'నీ చెయ్యి పోయింది ఉస్తాద్, కండ్లు పోయినయ్, ఇగ మల్గీ బంద్ చేస్కో' అన్న," అన్నాడు.

"అయ్యో, గట్లెట్ల అన్నరు? ఎవ్వరన్న ఉన్నరా అప్పుడు?" అంది సంయుక్త.

"గిరాకులున్నరు నలుగురు. ఉంటె? నన్ను వందమంది ముంగట అనలేదా?"

"మరి పెద్దాయన ఏమన్నడు?"

"ఏమంటడు. ఇప్పి చూసిండు. శానాసేపు చూసిండు. 'అవ్ బిడ్డా, నా తప్పే' అన్నడు."

ఇంకేం. దుర్గయ్య తప్పని దుర్గయ్యే ఒప్పుకున్నాడు. కళ్ళలో పొర వచ్చిన మనిషి. పాపం. తప్పు దుర్గయ్యదే అయింది. నేను రాసుకోవలసింది ఏమీ లేదు.

18-2-97

బొట్టు నిలవాలంటే పసుపు తడపాలి కదా. అరచేతిలో పట్టేటన్ని నీళ్ళు. అంతకన్నా ఎక్కువ కాదు.

20-2-97

రాణిగంజ్‌లో ఎవరి దగ్గరో ఇంకో సెల్ఫు కొని బిగించాడు. లేస్తోంది గాని, లేచేటప్పుడు కరకరమంటోందట. దాని పళ్ళు ఇంజన్ చక్రం పళ్ళలో సరిగా కూర్చోవడం లేదు. రోజూ కొంచెం కొంచెం కొరుకుతోంది. చక్రం పళ్ళు అరిగిపోతే మొత్తం ఇంజన్ బయటికి ఎత్తాలి. ఈ మాట ఫణీంద్రకు చెప్పలేదు వాడు.

"ఉస్తాద్ అయితె పండ్లు లెక్కపెట్టి ఇస్తుండె," అని వాడే అన్నాడు, అని, నాలుక కరుచుకుని, స్కూటర్ తుడవడానికి బయటికి పోయాడు.

రచనను ఆర్టీసీ క్రాస్ రోడ్స్ దాటించేవాళ్ళు లేరు రేపు. నేనే పోవాలి.

23-2-97

ఒక చెంబు. కొబ్బరినీళ్ళు వేరే.

24-2-97, సోమవారం

మార్కెట్లో విద్యావతి కనిపించింది. దుర్గయ్య భార్య నన్ను చూస్తే వంకాయల దగ్గరి నుంచే పిలిచే మనిషి. ఈ రోజు నేనే పిలిచాను.

"మంచిగున్నవా విద్యావతీ? మోకాళ్ళు ఎట్లున్నయి?"

"నా మోకాళ్ళకేమైంది వదినా, నడుస్తనే ఉన్నయి. నా మొగని చేతులే పోయినయంట గద. మీ జగ్గు చెప్పిండు."

"పిల్లగాడు... కోపంల..."

"పిల్లగాడా? నలభై ఏండ్ల పిల్లగాడు! వాడు పనిల చేరిన కొత్తల వేలు కాల్చుకుంటె మా ఆయన ఆ వేలు నోట్లె పెట్టుకోని దవఖానకు ఉరికిండు. ఎర్కనా నీకు? ఎర్కనే ఉంటది. ఇగ ఉర్కుడేం లేదు లే. మార్చి ఆఖర్ల మల్గీ ఖాళీ చేస్తున్నడు. ఓనర్‌కు చెప్పేసిండు."

"కండ్లు మంచిగ లేవనా?"

"ఎడమ కంట్ల జర పొర ఉన్నా కుడిది మంచిగనే ఉన్నది. పొద్దుగాల పేపర్ల చిన్న అక్షరాలు నాకు చదివి చెప్తడు. చెయ్య బుద్ధి అయితలేదంట. ముప్పై ఏండ్ల మల్గీ వదినా. పొద్దున లేస్తె ఏడికి పోవాల్నో తెల్వక అశోక్‌నగర్ బ్రిడ్జి మీద నిలబడి నాలా దిక్కు చూస్తుండు."

వంకాయలు తీసుకోకుండానే వచ్చేశాను. దడ. మాత్ర వేసుకున్నాను. మళ్ళీ దడ.

26-2-97

రాస్తాను. ఎవరూ చూడరు.

రెండు చెంబులు. పసుపు కలిపిన నీళ్ళు, నిండా రెండు చెంబులు, పైనుంచి. దేవుణ్ణి కడిగినట్టు కడిగాను. పక్కన చిన్న కంత ఉంటే అందులోకి కూడా పోశాను, లోపల కూడా శనివారం ఉంటుంది కదా అని. తర్వాత కొబ్బరికాయ కొట్టి ఆ నీళ్ళు మొత్తం దాని మీదే పోశాను. చల్లగా ఉండు తల్లీ, నా కొడుకును చల్లగా తీసుకురా అన్నాను. పక్కకు వంచితే పచ్చటి నీళ్ళు కారాయి. కారినవి కారాయి, కారనివి లోపలే ఉండిపోయాయి.

పదహారో తారీకు వాడు వచ్చి టక్కుమంది అన్నప్పుడే నాకు తెలుసు. అందరికన్నా ముందు నాకే తెలుసు.

1-3-97

దుర్గయ్య ఇంటికి పోదామని బయలుదేరాను. లైబ్రరీ దాకా పోయాను. దాని పక్క సందులోంచి పోతే వాళ్ళ ఇల్లు. లైబ్రరీ మెట్ల మీద ఉద్యోగం పరీక్షలకు చదివే పిల్లలు కూర్చున్నారు, ఒక అమ్మాయి లేచి, "అమ్మమ్మా, కూసుంటవా? చెమటలు పడ్తున్నయ్," అని చోటిచ్చింది. కూర్చున్నాను. లేచి వెనక్కి వచ్చేశాను.

చెబితే జగ్గు ఏమంటాడు? ఫణీంద్రకు తెలిస్తే? మీ అమ్మ ఇలా చేసిందా అని వందమంది ముందు అంటాడు. ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే మల్గీ పోతుంది. మల్గీ ఎలాగూ ఒకనాటికి మూసేదే. అరవై రెండేళ్ళు దుర్గయ్యకు. ఎంతకాలం చేస్తాడు.

ఇలా రాసుకున్నాక నాకే నచ్చలేదు.

6-3-97, గురువారం

ఈ రోజు పోయాను. ఇంటికి కాదు, నారాయణగూడ మల్గీకే పోయాను. రిక్షాలో పోయాను, మధ్యలో దిగి వెనక్కి రాకుండా.

మల్గీ సగం ఖాళీ. గోడకు వేలాడే తీగచుట్టలన్నీ దించి నేల మీద పేర్చాడు. దుర్గయ్య స్టూలు మీద కూర్చుని పనిముట్లను ఒక్కొక్కటి నూనెగుడ్డతో తుడిచి కాగితంలో చుడుతున్నాడు.

"వదినా! నువ్వొచ్చినవేంది? జగ్గు మంచిగనే ఉన్నడా?" అని లేచాడు.

అంత మాట పడ్డ మనిషి ముందు వాడి క్షేమమే అడిగాడు. నాకు కూర్చోవడానికి కూడా చేతకాలేదు. నిలబడే చెప్పాను. శనివారం, రాయి, రెండు చెంబులు, కంత, కొబ్బరినీళ్ళు, అన్నీ. ఒక్కటి కూడా తగ్గించలేదు.

దుర్గయ్య వింటూ పైఅర మీద నుంచి ఒక గుడ్డ మూట దించాడు. విప్పాడు. లోపల ఆ సెల్ఫు కడుపులోని రాగితీగల చుట్ట. తీగల సందుల్లో పచ్చగా, గట్టిపడి, పసుపు.

"నాకు ఆ దినమే ఎర్కైంది వదినా. ఇప్పంగనె చూసిన. లోపట కార్బన్ ముక్కలుంటయి, అవి స్ప్రింగుల మీద కిందికి మీదికి ఆడాలె. కొబ్బరినీళ్ళు ఆరి బంకయి అవి అంటుకపోయినయి. మొదలు నాల్గు దినాలు నడుస్తది, బంక గట్టిపడ్డంక ఆగుతది. మా వదిన తప్ప మోటారుకు అభిషేకం ఎవ్వరు చేస్తరు అనుకున్న."

"మరెందుకు చెప్పలేదు? నా తప్పే అన్నవంట!"

"జగ్గు అప్పుడు కోపంల గట్టిగ ఒర్రుతుండె. నన్ను ఒర్రితె నేను మా ఇంటికి పోత. నీ పేరు చెప్తె ఇంటికొచ్చి నిన్ను ఒర్రుతడు. నువ్వు యాడికి పోతవ్?"

నాకు ఏడుపు వచ్చింది. స్టూలు నా వైపు జరిపాడు. అప్పుడు కూర్చున్నాను.

"మరి నీ చెయ్యి మంచిగనే ఉంటే మల్గీ ఎందుకు బంద్ చేస్తున్నవ్?"

ఒక స్పానర్‌ను తుడిచిందే తుడిచాడు.

"చెయ్యి గాదు వదినా. ఇరవై నాల్గేండ్లు. వాడు నా పక్కన కూసోని నేర్సిండు. నేను ఒక్క తీగ అతుకు గూడ వదులుగ విడిచిపెట్టనని లోకంల ఎవ్వనికన్న తెలుస్తె వానికి తెల్వాలె. ఒక్కసారి ఆగంగనె, ఇప్పి గూడ చూడలే వాడు. ఇప్పి చూడుమని నేనే నేర్పిన. ముందు ఇప్పు, తర్వాత మాట్లాడు అని నేర్పిన. వాడు ముందు మాట్లాడిండు. ఇగ నేను నేర్పిందేంది, ఈ మల్గీ ఏంది?"

"నేను వానికి చెప్తా."

"ఒద్దు వదినా. అయిపోయింది గద. పెట్రోల్‌తోని కడిగితె అర్ధగంట పని. ఇప్పుడన్న తిరుగుతది ఇది. గట్లనే ఉండనీ."

లేచేటప్పుడు నవ్వించబోయాడు. "పసుపు మంచి రకమే వాడినవ్. యాడ కొన్నవ్?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఇంటికి వచ్చాక, కూరకు పోపు వేస్తుంటే ఎందుకో వచ్చింది, మళ్ళీ ఏడుపు వచ్చింది.

8-3-97

చెప్పలేదు. వాడు జ్వరంతో పడుకున్నాడు. జ్వరం మనిషికి ఎలా చెబుతాం.

9-3-97

జ్వరం తగ్గింది. చెప్పలేదు.

11-3-97, మంగళవారం

పొద్దున గడప మీద ఉన్న జగ్గుకు చాయ్ ఇచ్చి ఎదురుగా కూర్చున్నాను. లాంచీ చప్పుడు ఎక్కువైందని, ఈ వారం దాటితే చక్రం పోతుందని కోడలితో అంటున్నాడు.

"జగ్గూ, దుర్గయ్య చుట్టిన సెల్ఫుకు నేను నీళ్ళు పోసిన."

చాయ్ గ్లాసు నోటి దగ్గరే ఆగింది.

"ఎన్ని నీళ్ళు?" అన్నాడు. కోప్పడలేదు, ఎందుకు అనలేదు. ఎన్ని అని అడిగాడు. మెకానిక్ కదా.

"రెండు చెంబులు. పసుపు కలిపి. మీదికెల్లి కొబ్బరినీళ్ళు. పక్కన కంత ఉంటె దాంట్లె గూడ."

సంయుక్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. వాడు గ్లాసు కింద పెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను, ఒర్రుతాడని. ఒర్రలేదు.

"ఉస్తాద్‌కు ఎర్కనా?"

"ఇప్పంగనె చూసిండంట. నన్ను ఒర్రుతవని చెప్పలేదంట."

"నేను ఇప్పలే," అన్నాడు. గ్లాసును పక్కకు జరిపి మళ్ళీ, "నేను ఇప్పి సుత చూడలే," అన్నాడు.

దగ్గు వచ్చింది. దగ్గు తగ్గాక కూడా తల ఎత్తలేదు. వాళ్ళ నాన్న పోయిన రోజు ఈ గడప మీదే ఇలాగే కూర్చున్నాడు. చొక్కా వేసుకుని, టిఫిన్ కూడా తీసుకోకుండా పోయాడు. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

12-3-97

నారాయణగూడ పోయాడట. దుర్గయ్య తల ఎత్తకుండా, "చెయ్యి పోయినోని దగ్గర నీకేం పని?" అన్నాడట. వచ్చేశాడు.

నాతో మాట్లాడడం లేదు. ఉప్పు తక్కువైందని కూడా అనలేదు.

13-3-97

మళ్ళీ పోయాడు. మల్గీ మెట్టు మీద కూర్చుని వచ్చాడు.

14-3-97

ఈ రోజు కూడా పోయాడు. నా బీపీ మాత్రలు అయిపోయాయి. గ్యాసు కూడా రేపో మాపో.

15-3-97

మధ్యాహ్నం వచ్చినవాడు ముందు నా దగ్గరికే వచ్చాడు. చేతులకు నల్ల వార్నిషు. "అమ్మా, అన్నం పెట్టు," అన్నాడు. నాలుగు రోజుల తర్వాత మొదటి మాట. వడ్డిస్తుంటే తనే చెప్పాడు.

మూడో రోజు కూడా మెట్టు మీదే కూర్చున్నాడట. దుర్గయ్య కూర్చోమనలేదు, పొమ్మనలేదు. వాడు గిరాకుల ముందే, "ఉస్తాద్, నేను ఇప్పకుండ మాట్లాడిన. నాదే తప్పు," అన్నాడట. ఆ రోజు ఎంతమంది ఉన్నారో అంతమంది చేరేదాకా ఆగి అన్నాడట. దుర్గయ్య తన పని తను చేసుకున్నాడట. ఈ రోజు పొద్దున మాత్రం పని చేస్తూ చేస్తూ, వెనక్కి చూడకుండా, ఒక తీగ కొస చాచి, "పట్టుకో," అన్నాడట. పట్టుకున్నాడు. సాయంత్రం దాకా పట్టుకోమంటే కూడా పట్టుకునేవాణ్ణి అన్నాడు.

"మల్గీ?" అన్నాను.

"ఖాళీ చేస్తలేనని ఓనర్‌కు ఇంక చెప్పలే. ముందు ఈ సెల్ఫుతోని ఇంజన్ లేవనీ, తర్వాత మల్గీ సంగతి మాట్లాడుకుందాం అన్నడు. సెల్ఫు కడిగి పెట్టిండమ్మా, బల్ల మీద తిప్పి చూపిచ్చిండు. చప్పుడు చూడాలె నువ్వు, వెన్న లెక్క! కాని నాకియ్యడంట. ఆయనే వచ్చి ఆయన చేత్తోనె లాంచీల బిగిస్తడంట."

"ఆయన కండ్లు... ఆ మూడో బోల్టు కనిపియ్యదంటివి?"

"కనిపియ్యకుంటె ఏమైంది, గది వేళ్ళ పనే. ఇంకోటుందే. నువ్వు గూడ రావాలంట. ఎక్కి కూసోని, విగ్రహం దాక పోయి రావాలంట. గట్లయితెనె వస్త అన్నడు."

"నేనా! నీళ్ళ మీదనా! నేనెందుకురా?"

"'వదిన ఎక్కితె నువ్వు జర నెమ్మదిగ నడుపుతవ్, నాక్కూడ ఈత రాదు' అన్నడు." వాడు నవ్వాడు. పదహారో తారీకు తర్వాత వాడు నవ్వడం ఇదే మొదటిసారి. "ఇంకో మాట గూడ అన్నడు. 'చేతులు ఊపుకుంట రమ్మను, చెంబు తేవద్దని చెప్పు' అన్నడు."

కోడలు వంటింట్లోంచి గట్టిగా నవ్వింది. నేను కూడా నవ్వాను, కాస్త.

రానని చెప్పాలనుకున్నాను. బీపీ అందామనుకున్నాను. అంతలో మల్గీలో సగం చుట్టిపెట్టిన పనిముట్లు కళ్ళ ముందుకు వచ్చాయి. అవి మళ్ళీ కాగితాల్లోంచి బయటికి రావాలంటే ఆ ఇంజన్ లేవాలి, దుర్గయ్య రావాలి, దుర్గయ్య రావాలంటే నేను ఎక్కాలి.

"వస్తానని చెప్పురా," అన్నాను.

కరకర విని దుర్గయ్య సెల్ఫుకు ఒప్పుకున్నా, ఆది, సోమవారాలు జనం ఎక్కువ, వద్దన్నాడు ఫణీంద్ర. మంగళవారం విద్యావతి ఒప్పుకోలేదు. బుధవారం దుర్గయ్యకు కళ్ళ డాక్టరు. ఖాయమైంది గురువారం, మార్చి ఇరవయ్యో తారీకు, పొద్దున తొమ్మిది గంటలకు.